బీప్ శబ్దం తర్వాత

చిలకలూరిపేట,
17 ఫిబ్రవరి 2008.

ఒసేయ్ రెబ్కా,

ముందు తిట్లు, ఆ తర్వాతే సలాములు. పెళ్ళయి నువ్వు తాడేపల్లి, నేను ఈ పేట వచ్చిన దగ్గర్నుంచి ముప్పై ఏళ్ళుగా ఉత్తరాలు రాసుకుంటున్నాం. మీ పిల్లి ఈనితే రాస్తావు, మీ ఆయన ఆదాం అన్నయ్య చెప్పులు గుడి దగ్గర పోతే రాస్తావు. ఇంత పెద్ద సంగతి మాత్రం కడుపులో దాచుకున్నావా?

పోయిన సోమవారం ప్రేమదాసు గారని ఒకాయన మా వీధికి వచ్చాడు. షుగరు ఉన్నవాళ్ళకి ఉచితంగా సెల్‌ఫోను, వేలు గుచ్చి షుగరు చూసుకునే మిషను, మాత్రలు ఇస్తున్నారట. ఆ ఫోన్లోంచి మనం ఎవరికీ చేయలేం, బయటివాళ్ళు మనకి చేయలేరు. రోజూ పొద్దున ఎనిమిదింటికి వాళ్ళ కంప్యూటరే చేస్తుంది. మిషను చూపించిన నంబరు మనం నొక్కాలి. అంతే పని.

మర్నాడు ఫోను మోగింది. ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాను. "నమస్కారం మాబూబీ గారూ" అంది. నా చేతిలో టీ గ్లాసు జారి పడింది. నీ గొంతే! దర్శి మిషన్ బళ్ళో నా పక్కన నిలబడి ఎక్కాలు అప్పజెప్పిన గొంతు నేను గుర్తుపట్టనా? పైగా "గారూ"నట! నా పేరు పలికేటప్పుడు లోపల నవ్వు ఆపుకున్నావు, అదీ తెలిసింది నాకు.

"అది రికార్డు అత్తమ్మా, మనిషి కాదు" అని నా కోడలు రుక్సానా ఒకటే నవ్వు. రికార్డయితే మరి చివర్లో ఆ మాట ఎందుకు? "మీకేమైనా ఇబ్బంది ఉంటే బీప్ శబ్దం తర్వాత చెప్పండి. మేము వింటాము" అన్నావు. పాటల రికార్డు ఎప్పుడైనా మన కష్టం అడిగిందా? ముందు మాటలు రికార్డేమో గానీ, నేను చెప్పింది నీ దగ్గరికే వస్తుంది కదా. కనుక రోజూ ఒక నిమిషం నీతో మాట్లాడుతున్నాను. వీధిలో ఇంకెవరూ ఏమీ చెప్పడం లేదు, నంబరు నొక్కి పెట్టేస్తున్నారు. వాళ్ళకేం తెలుసు, అవతల ఉన్నది ఎవరో.

మా అమ్మ సంగతి నీకు తెలుసు. ఈ షుగరుకే కాలు తీశారు. నాలుగేళ్ళు నులక మంచం మీద కూర్చుని, చెంబు పట్టుకుపోవడానికి కూడా మనిషి కావాలని ఏడ్చింది. నాకు చావంటే భయం లేదే. కాలు పోతుందంటేనే భయం. మిరపకాయల షెడ్డులో రంగు పోయిన తాలు కాయలు ఏరి, తొడిమలు తీసి బతుకుతున్నాను, ఒకరి మీద పడి బతకలేను. నువ్వే ఉన్నావుగా ఇప్పుడు, చూసుకో నా కాళ్ళు.

నీ
మాబూబీ

•

తాడేపల్లి,
9 మార్చి 2008.

ప్రియమైన మాబూబీకి,

వందనాలు. నీ తిట్లు అందాయి. దాచలేదే, నిన్ను ఉలిక్కిపడేలా చేద్దామని ఊరుకున్నాను. టీ గ్లాసు పడిందంటే నా పన్నాగం ఫలించినట్టే.

మా బడి మూతపడ్డాక గుడిలో వాక్యం చదవడం తప్ప నా గొంతుకు పని లేకపోయింది. అక్కడ విని ఒకాయన వచ్చి అడిగాడు. గోడలకి దుప్పట్లు కట్టిన ఒక చిన్న గదిలో ఆరు రోజులు కూర్చోబెట్టారు. ఒకటి నుంచి ఐదు వందల దాకా అంకెలు విడివిడిగా చదివాను. ఆరు వందల పేర్లు చదివాను. నీ పేరు దగ్గర నవ్వు వచ్చి రెండుసార్లు ఆగిపోయాను. మూడోసారి తీసింది ఉంచారు. అదే నువ్వు విన్నది. తర్వాత "చాలా బాగుంది, ఇలాగే కొనసాగించండి", "వెంటనే డాక్టరును కలవండి" ఇలాంటివి రెండు వందల పైచిలుకు వాక్యాలు.

నీ నంబరు మంచిదైతే కంప్యూటరులో నీ పేరు పక్కన ఆకుపచ్చ రంగు వస్తుంది. ఎక్కువైతే పసుపు. ఇంకా ఎక్కువైతే ఎరుపు, ఆ రోజే ప్రేమదాసు గారు మీ ఇంటికి రావాలి. కనుక టీచరమ్మగా నీకు రెండు ఆజ్ఞలు. చేతులు సబ్బుతో కడుక్కుని చూసుకో. ఎంత వస్తే అంత నొక్కు. పరీక్ష పేపరు కాదు, తక్కువ వస్తే మార్కులు ఎక్కువ అనుకోవద్దు.

నీ కబుర్లన్నీ నాకు చేరుతున్నాయిలే. ఆపకుండా చెప్పు. చిన్నప్పుడు మాత్రం ఆపావా?

రుక్సానాకి, మీ అబ్బాయి షఫీక్‌కి దీవెనలు.

రెబ్కా

•

చిలకలూరిపేట,
4 మే 2008.

ఒసే టీచరమ్మా,

నీ మాట నిజమైంది. నేను పచ్చగా ఉన్నాను! నిన్న నూట నాలుగు, మొన్న తొంభై ఎనిమిది. ప్రేమదాసు గారు వచ్చి నా ఫొటో తీసుకెళ్ళాడు, ఆఫీసు గోడకు పెడతారట. "మీలా పాటించేవాళ్ళు ఈ మండలంలోనే లేరండీ" అన్నాడు. పక్కింట్లో ఉండి షెడ్డులోనూ నా పక్కనే కూర్చునే ఆదెమ్మ, "ఏందమ్మో, ఆఫీసరమ్మవి అయిపోయావా" అని ఏడిపిస్తోంది.

మొదట్లో ఆ మిషనుతో పడిన పాట్లు నీకు తెలిసినవే. నా వేళ్ళు ఎలా ఉంటాయో తెలుసుగా. పొద్దస్తమానం మిరపకాయలు వలిచి వలిచి, కొబ్బరినూనె రాసినా సబ్బుతో తోమినా ఆ ఘాటు చర్మంలోంచి పోదు. సూది గుచ్చితే వేలి చివర నిప్పు పెట్టినట్టు. రక్తం చుక్క పెట్టే పట్టీలు రెండు పాడయ్యాయి కూడా, మిషను తప్పు అని చూపించింది. "శుభ్రమైన వేలైతేనే మిషను ఒప్పుకుంటుందండీ" అన్నాడు ప్రేమదాసు గారు. సరే, దానికి ఉపాయం దొరికింది, ఆ రోజే బీప్ తర్వాత నీకు చెప్పేశాను. మర్నాడు నువ్వు చాలా బాగుంది అన్నాక నా మనసు కుదుటపడింది.

ఎండలు మండిపోతున్నాయి. కుండెడు నీళ్ళు తాగినా దాహం తీరడం లేదు. మొన్నొక తమాషా జరిగింది. షెడ్డు బయట ఆరబోసిన కాయల మధ్య నుంచి మధ్యాహ్నం పూట నడిచి వస్తున్నాను. ఆదెమ్మ వెనక నుంచి కేక పెట్టింది, "మాబూబమ్మా, నీ ఎడమ చెప్పు ఇక్కడే ఉంది!" అని. చూసుకుంటే నిజమే, ఒక కాలికి చెప్పు లేదు. ఆ సిమెంటు గచ్చు మీద పెనం కాలినట్టు కాలుతుంటే నాకు తెలియనే లేదు. అందరం పడీ పడీ నవ్వాం. మిగతాది ఫోన్లో చెప్పాను కనుక మళ్ళీ రాయను, చేతి నొప్పి.

ఈసారి ఉత్తరం నేనే ఆలస్యం చేశాను. అయినా రోజూ మాట్లాడుతున్నానుగా నీతో, కోపం పెట్టుకోకు.

మాబూబీ

•

తాడేపల్లి,
29 జూన్ 2008.

మాబూబీకి,

వందనాలు. ఆలస్యానికి ఏమీ అనుకోకు. మూడు వారాలు ఊళ్ళో లేము. ఆదాం గారి తరఫు చుట్టాల ఇంటికి వెళ్ళవలసి వచ్చింది. అక్కడ ఉత్తరం రాసే వీలు చిక్కలేదు.

నువ్వు కనిపెట్టిన ఉపాయమేమిటో నాకు అర్థం కాలేదు గానీ, నిన్న ఏదో సంతకం కోసం ఆఫీసుకు వెళ్ళినప్పుడు గోడ మీద నీ ఫొటో చూశాను. నీ పేరు పక్కన మూడు నెలలు వరసగా ఆకుపచ్చే. అక్కడి డాక్టరు నీ నంబర్లన్నీ చూసి, ఇంత మందు అక్కర్లేదు, సగానికి తగ్గించవచ్చు అన్నారు. ఆ వాక్యం కూడా నేను చదివినదే, ఒకరోజు ఫోన్లో వింటావు. చెప్పినట్టు చెయ్యి.

చెప్పు జారిన సంగతి నాకు తమాషాగా అనిపించలేదు. ఒకసారి డాక్టరుకి కాలు చూపించుకో.

ఒంట్లో కాస్త నలతగా ఉంది. పెద్దదేమీ కాదు. ఎక్కువ రాయలేను.

రెబ్కా

•

చిలకలూరిపేట,
10 ఆగస్టు 2008.

రెబ్కా,

నీ మీద నాకు కోపం వచ్చింది. దాచుకోవడం నాకు చేతకాదు కనుక రాసేస్తున్నాను.

పోయిన నెల పొద్దున్నే నువ్వే అన్నావు, "మాబూబీ గారూ, మీ మాత్ర రేపటి నుంచి సగం వేసుకోండి" అని. నోరు పిడచకట్టుకుపోతోంది, పనిలో కూర్చుంటే లేవలేకపోతున్నాను, ఇప్పుడు మందు తగ్గించడమేమిటి? బీప్ తర్వాత అడిగాను, వేసుకోనా మాననా అని. మూడు రోజులు వరసగా అడిగాను. మూడు రోజులూ నువ్వు "చాలా బాగుంది, ఇలాగే కొనసాగించండి" అనే అన్నావు. చదువుకున్నదానివి, నాకంటే నీకే తెలుసని సగమే వేసుకుంటున్నాను.

కాలి సంగతి కూడా అంతే. ఎడమ పాదం కింద చిన్న పుండు లేచింది. నొప్పి లేదు. నొప్పి లేదు కనుక పెద్దదేమీ కాదని నేనూ అనుకున్నాను. కానీ నెలయింది, మానడం లేదు. పసుపు పెట్టాను, వేపాకు కట్టాను. రోజూ నీకు చెబుతూనే ఉన్నాను, ఇవాళ ఇంత ఉంది, ఇవాళ కొంచెం నీరు కారింది అని. నువ్వేమో ఒక్క రోజూ దాని ఊసెత్తవు. పోనీ మీ వాళ్ళ ముందు ఫోన్లో చెప్పకూడదేమో, ఉత్తరంలో రాయవచ్చుగా?

షఫీక్ లారీ మీద నాగపూరు వైపు వెళ్ళాడు, వచ్చాక పెద్ద డాక్టరుకు చూపిస్తానన్నాడు. రుక్సానా మాత్రం నాకు తెలియకుండా ఏడుస్తోంది. "నా రక్తం పెట్టడం తప్పేమో అత్తమ్మా" అంటుంది. తప్పెలా అవుతుందే? ఒకే కుండలో అన్నం తింటున్నాం, దానిది శుభ్రమైన వేలు. అది ఇంట్లో కుట్టుమిషను మీద కూర్చుంటుంది, మిరపకాయ ముట్టదు. ఫిబ్రవరి నుంచి రోజూ దాని వేలే గుచ్చుతున్నాం. నేను దొంగచాటుగా చేయలేదు, మొదటి రోజే నీకు చెప్పాను. తప్పయితే నువ్వు చెప్పేదానివి కదా.

ఒక్క ముక్క రాయి. నా కాలు గురించి నువ్వేమనుకుంటున్నావో అది రాయి.

మాబూబీ

•

చిలకలూరిపేట బస్టాండు,
12 సెప్టెంబరు 2008.

మాబూబీ,

ఇది పోస్టులో వేయడానికి కాదు. ఇంకో రెండు గంటల్లో నీ మంచం దగ్గర నిలబడతాను, అప్పుడు నీ చేతికిస్తాను. నోటితో చెప్పలేను కనుక రాసుకుని వస్తున్నాను.

నాకు గొంతు లేదు. జూన్ నుంచీ లేదు. మెడలో గడ్డ ఉందని వేలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. చుట్టాల ఇల్లు కాదది. గడ్డ తీశారు, దానితో మాటా పోయింది. బాగవుతుందేమోనని ఆగస్టులో మళ్ళీ వెళ్ళాం, నెల రోజులు ఉన్నాం. బాగవలేదు. చెవి దగ్గర నోరు పెడితే గాలి వస్తుంది, అంతే. నీకు రాస్తే బెంగ పెట్టుకుంటావనుకున్నాను. అదొక్కటే కారణం కాదు. నా దగ్గర చెప్పుకోదగ్గది ఆ గొంతొక్కటే ఉండేది, అది పోయిందని రాయడానికి సిగ్గుపడ్డాను.

నీ ఆగస్టు ఉత్తరం మా తలుపు సందులో పడి ఉంది. నిన్న సాయంత్రం ఇంటికి వచ్చి చదివాను. షఫీక్ పాత నంబరుకి ఆదాం గారు చేసి చేసి అలిసిపోయారు, పలకలేదు. ఇవాళ మొదటి బస్సు పట్టుకుని వచ్చాను.

మీ ఇంటికి తాళం. పక్కింటి ఆవిడ వచ్చింది. పేరు అడగకుండానే తెలిసింది, నీ ఆదెమ్మే. పుస్తకంలో రాసి చూపిస్తే "నాకు చదువు రాదమ్మా" అంది. చేతులతో అడిగాను. "మూగదానివా తల్లీ, ఎవరు కావాలి?" అని జాలిపడి అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది.

ఎనిమిదింటికి ఆవిడ కొంగు ముడిలోని ఫోను మోగింది. "ఉండమ్మా, మాబూబీ స్నేహితురాలు. ఎత్తకపోతే కంగారు పడుతుందని నాకు అప్పజెప్పి వెళ్ళింది" అంటూ స్పీకరు మీట నొక్కింది. మాబూబీ, నేను విన్నాను. "నమస్కారం మాబూబీ గారూ" అంది నా గొంతు, నీ పేరు దగ్గర నవ్వు ఆపుకుంటూ. ఆదెమ్మ తడుముకోకుండా ఒకటి, సున్నా, ఐదు నొక్కింది. ఎప్పుడూ నువ్వు అలాంటి నంబర్లే నొక్కడం చూసిందట. "చాలా బాగుంది" అన్నాను నేను. "ఇలాగే కొనసాగించండి" అన్నాను.

బీప్ వచ్చింది. ఆదెమ్మ ఫోను నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా చెప్పింది: "అమ్మా, మాబూబీని గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోయి పదమూడు రోజులైంది. నిన్న కూడా చెప్పానుగా. కాలు నల్లబడింది. నీ కోసం ఎదురుచూస్తోంది తల్లీ, రోజూ చెబుతున్నా వినబడట్లేదా నీకు?"

నేను ఆవిడ ఎదురుగానే కూర్చుని ఉన్నాను. నేనే ఆ మనిషినని చెప్పడానికి నాకు దారి లేకపోయింది.

నువ్వు బీప్ తర్వాత చెప్పినవి నేను ఒక్కటీ వినలేదు. ఎవరు వింటారని అడగను కూడా లేదు. చదవమన్నారు, చదివాను. పైగా "నీ కబుర్లన్నీ నాకు చేరుతున్నాయిలే" అని నీకు సరదాకి రాశాను. ఆ ముక్క రాసిన చేత్తోనే ఇదీ రాస్తున్నాను.

బస్సు వచ్చింది.

రెబ్కా

•

గుంటూరు,
5 అక్టోబరు 2008.

రెబ్కా,

కాలు తీసేశారు. నువ్వు వచ్చి వెళ్ళిన మూడో రోజున, మోకాలి కింద. రంజాను పండగ ఆసుపత్రి మంచం మీదే అయింది. షఫీక్ సేమ్యా తెచ్చాడు, అది కూడా తినకూడదన్నారు.

ఆ రోజు నువ్వు వచ్చి నిలబడితే నేను నమ్మలేదు. "పొద్దున ఆదెమ్మతో ఫోన్లో మాట్లాడే వచ్చావు కదే, ఇప్పుడేమైంది మాటలకి?" అన్నాను. నువ్వు కాగితం ఇచ్చావు. చదివాక నీ మొహం మీద విసిరికొట్టాను. ఇప్పుడు కూడా అందుకు నాకు బాధ లేదు.

నా తప్పు నాకు తెలుసు. ఇక్కడి డాక్టరమ్మ నా వేలు గుచ్చి చూస్తే నాలుగు వందల పైన వచ్చింది. "ఇన్నాళ్ళూ మీ కోడలికి షుగరు లేదని కనిపెట్టారమ్మా మీరు" అంది. మంటకి ఓర్చుకోలేక నా వేలు నేను గుచ్చుకోలేదు, అది నాదే. రుక్సానా నా కాలి దగ్గర కూర్చుని తన వేళ్ళు చూసుకుని ఏడుస్తుంటే దాన్ని ఓదార్చడం కూడా నా పనే అయింది.

కానీ నేను దాచలేదు రెబ్కా. దాచి ఉంటే నాకు ఇంత కోపం వచ్చేది కాదు. మొదటి రోజే చెప్పాను. ప్రతి రోజూ చెప్పాను. "మేము వింటాము" అని నీ నోటితో అన్నావు. వేరే గొంతయితే నేను నమ్మేదాన్ని కాదు, వీధిలో అందరిలాగే నంబరు నొక్కి పెట్టేసేదాన్ని. పుండు లేచినప్పుడు నడుచుకుంటూ పోయి ఏ డాక్టరుకో చూపించుకునేదాన్ని. నువ్వు ఉన్నావని ఊరుకున్నాను.

నీ గొంతు పోయిందని జూన్‌లో ఒక్క ముక్క రాసి ఉంటే, మరి రోజూ నాతో మాట్లాడుతున్నదెవరే అని అప్పుడే అడిగేదాన్ని. నీ సిగ్గు కోసం నా కాలు పోయింది. గట్టి మాటే. రాయకుండా ఉండలేను.

ఏడవకు, నీ ఏడుపు నాకొద్దు. నాకు ఒకటే కావాలి. నేను చెప్పినవన్నీ ఆ కంప్యూటరులో ఎక్కడో ఉండే ఉంటాయి. వెళ్ళి విను. మొదటి నుంచి చివరిదాకా, ఒక్కటి వదలకుండా. విన్నాక రాయి. అప్పటిదాకా రాయకు.

మాబూబీ

•

తాడేపల్లి,
4 నవంబరు 2008.

మాబూబీకి,

విన్నాను.

ఆఫీసులో మొదట ఒప్పుకోలేదు. మేనేజరు గారికి కాగితం మీద రాసి అడిగాను, బీప్ తర్వాత చెప్పినవి ఎవరు వింటారని. ఆయన మర్యాదస్తుడే. "దానికి మనిషిని పెట్టలేదండీ. చెప్పుకుంటే పేషెంట్లకి మనసు తేలికవుతుంది. ఆ మాట పెట్టాక ఫోను ఎత్తేవాళ్ళు బాగా పెరిగారు" అన్నాడు. నువ్వే వెళ్ళి ఉంటే ఎంత మొండిగా కూర్చునేదానివో, రోజూ ఆయన గది ముందు నేను అలా కూర్చున్నాను. వారానికి చెవులకు పెట్టుకునేవి ఇచ్చి ఒక కంప్యూటరు చూపించారు.

నువ్వు చెప్పినవి నూట తొంభై మూడు ఉన్నాయి. ఆదెమ్మ చెప్పినవి పదమూడు. మూడు రోజులు పట్టింది. వాటికి నేను ఇవ్వవలసిన జవాబులు ఇప్పుడు ఇస్తున్నాను, చెల్లవని తెలిసీ.

ఫిబ్రవరి ఇరవై ఆరు. "రుక్సానా వేలు గుచ్చాం, నూట రెండు వచ్చింది, తప్పయితే రేపు చెప్పు" అన్నావు. తప్పే మాబూబీ. నీ వేలే గుచ్చాలి. మిరపకాయ తగలని చోటు చూసి, చెవి తమ్మె దగ్గరైనా సరే, నీ రక్తమే చూడాలి.

ఏప్రిల్ ముప్పై. చెప్పు సంగతి చెప్పి నవ్వావు, నవ్వు ఆగాక చిన్నగా "మా అమ్మకి కూడా మొదట ఇలాగే తెలియలేదు" అన్నావు. అది ఉత్తరంలో రాయలేదు నువ్వు. అది రాసి ఉంటే నేను పరుగెత్తుకు వచ్చేదాన్ని. నాకు చెప్పాననే అనుకున్నావు.

జూలై పదహారు, పదిహేడు, పద్దెనిమిది. మాత్ర వేసుకోనా, మాననా? పూర్తిగా వేసుకో. పూర్తిగా.

ఆగస్టు ముప్పై. షఫీక్ ఆటో తెచ్చాడని, గుంటూరు వెళుతున్నామని, అక్కడికి రమ్మని చెప్పావు. "నువ్వు వస్తే నేను కాలు తీయనివ్వను" అన్నావు. దాన్ని మళ్ళీ మళ్ళీ పెట్టుకుని విన్నాను.

ఇంకొకటి ఉంది. ఇది రాయడానికే రెండు రోజులు ఆగాను. జూన్ పద్నాలుగు, శనివారం. ఆ పొద్దున వేలూరులో నన్ను బల్ల మీద పడుకోబెట్టి మెడ కోస్తున్నారు. ఆదాం గారికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ పొద్దునే నువ్వు ఫోన్లో అన్నావు: "ఏమే రెబ్కా, గొంతు బొంగురుగా వినబడుతోంది. ఒంట్లో బాగాలేదా? మిరియాల పాలు తాగు. నా సంగతి తర్వాత, ముందు నువ్వు చూపించుకో." ఫోన్లో ఏదో గరగర వచ్చి ఉంటుంది, అంతే. కానీ నా గొంతు గురించి నన్ను అడిగిన మనిషివి నువ్వు ఒక్కదానివే. అది నేను విన్నది అక్టోబరు ముప్పైన.

నీ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. క్షమించమని అడగను.

"మేము వింటాము" అన్న వాక్యం తీసేయమని రాసిచ్చాను. కుదరదన్నారు. నా గొంతు ఇప్పుడు వాళ్ళది, ఆ సంతకం పెట్టింది నేనే. వచ్చే నెల నుంచి ఇంకో రెండు జిల్లాల్లో మొదలుపెడుతున్నారు. కొత్త పేర్లు చదవమని కబురు పంపారు కూడా, నాకు మాట లేదన్న సంగతి ఆ పంపినాయనకి తెలియదు. పాత పేర్లనే అతికించి కొత్తవి తయారుచేస్తారట.

అందుకని నేను అడిగింది వేరు. మనిషిని పెట్టలేదన్నారుగా, నన్ను పెట్టమన్నాను. మాటలు రాని మనిషి వినడానికి పనికొస్తుంది. ఒప్పుకున్నారు, నిన్న సోమవారం నుంచే వెళుతున్నాను. విన్నది కాగితం మీద రాసి ప్రేమదాసు గారికి, ఇంకో నలుగురికి ఇస్తాను, వాళ్ళు ఆ ఇళ్ళకు వెళ్ళాలి. ఇవాళ్టికి ఎవరూ విననివి ముప్పై ఆరు వేలు ఉన్నాయి. నేను ఎంత కూర్చున్నా రోజుకి రెండు వందలకు మించి వినలేను. కొత్తవి రోజూ ఆరు వందలు వచ్చి పడుతున్నాయి. లెక్కల టీచరు కావాలా ఇది అర్థం కావడానికి?

నీ ఫోను పొద్దున ఎనిమిదింటికి మళ్ళీ మోగుతుంది. నీ వేలు గుచ్చుకో, వచ్చిన నంబరు నొక్కు. బీప్ తర్వాత మాత్రం ఏమీ చెప్పకు. నాకు చెప్పాల్సింది కార్డు ముక్క మీద రాయి. నీకు రెండో కాలుంది.

పాతవాటితో మొదలుపెట్టాను. అందరూ పెద్దవాళ్ళే, అందరూ నన్ను అమ్మా, తల్లీ అనే పిలుస్తున్నారు. నిన్న సాయంత్రం విన్నది మన దర్శి వైపు నుంచి. వెంకయ్య అట, పత్తి చేలల్లో కాపలా ఉంటాడట. తాపీగా, నా మీద పూర్తి నమ్మకంతో చెప్పాడు: "తల్లీ, నిన్న చెప్పానుగా, కాలి బొటనవేలు నల్లగా అయిందని. ఇవాళ పక్క వేలు కూడా అయింది. నువ్వు చెప్పేదాకా ఎక్కడికీ పోను, ఇంటి దగ్గరే ఉంటాను."

అది ఆయన మార్చి పద్నాలుగున చెప్పాడు.

రెబ్కా